కుడి మెదడు నాదేనని ఊరేగాను

మీతో కాకపోతే ఎవరితో చెప్పుకుంటాను? నలభై ఏళ్లు మీదపడుతున్న వేళ నాలో ఒక మహా చిత్రకారుడు దాగి ఉన్నాడని నాకు గట్టి నమ్మకం కుదిరింది. అంతకు ముందు నేనేదో గొప్ప బొమ్మ వేశానని కాదు. చిన్న క్లాసులు దాటాక పెన్సిలు పట్టి బొమ్మ గీసిన పాపానే పోలేదు. ఫోన్లో ఎవరో పంపిన ఒక తిరుగుడు బొమ్మ నన్నలా నమ్మించింది.

అది మీకూ వచ్చే ఉంటుంది. నల్లటి నీడలాంటి నర్తకి ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతూ ఉంటుంది. సవ్యదిశలో తిరుగుతున్నట్టు కనిపిస్తే మీది కుడి మెదడు, అంటే కళాకారుల మెదడు. అటుగా కాక ఇటుగా తిరిగితే ఎడమ మెదడు, లెక్కల మనుషులది. కింద అలా రాసి ఉంటుంది. నాకు సవ్యంగా తిరిగింది, మా ఆవిడకి అపసవ్యంగా తిరిగింది. ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో నా నడకే మారిపోయింది. పప్పులో ఉప్పెక్కువైందని తను ఒప్పుకున్నా, "పోనీలే, నీది ఎడమ మెదడు కదా" అని క్షమించేసేవాణ్ణి.

ఆ నర్తకిని 2003లో జపాన్ డిజైనర్ నొబుయుకి కయహారా తయారుచేశాడు. అదొక దృష్టిభ్రమ. నీడబొమ్మ కాబట్టి ఏ కాలు ముందుందో ఏది వెనకుందో చెప్పే ఆనవాలు అందులో ఉండదు. మన కళ్లు ఏదో ఒకటి ఊహించుకుంటాయి. చాలామందికి అది సవ్యదిశలోనే తిరుగుతుంది. ఎవరి మెదడు ఎలాంటిదో దాన్నిబట్టి తేలేది ఏమీ లేదు. ఈ సంగతి అప్పుడు తెలియదు. తెలిసినా వినేవాణ్ణి కాదేమో, ఎందుకంటే నాది కుడి మెదడు అన్న మాట నాకు అంత అవసరమైంది.

ఎందుకు అవసరమైందో కూడా చెప్తాను. నేను తెనాలి నుంచి ఢిల్లీ వచ్చింది సీఏ చదవడానికి. వచ్చి పడింది లక్ష్మీనగర్‌లో. వికాస్ మార్గ్ పొడుగునా గోడ కనపడనంతగా కోచింగ్ సెంటర్ల బోర్డులు. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు పీజీ గదుల్లో, ఇద్దరు పడుకునే చోట ముగ్గురు సర్దుకుని బ్యాలెన్స్ షీట్లు బట్టీ పడుతుంటారు. నేనూ పట్టాను. ఫైనల్ గట్టెక్కలేదు. ఊరికి వెళ్లే మొహం లేక ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసే ఉద్యోగంలో చేరి, ఇక్కడే పెళ్లి, ఇక్కడే పాప, ఇక్కడే మూడో అంతస్తు అద్దె ఇల్లు. కొన్నేళ్లుగా లోపల ఒక ముల్లు ఉండిపోయింది. ఆ నర్తకి దాన్ని ఒక్క క్షణంలో లాగేసింది. నేను ఫెయిలవలేదు, నా మెదడే వేరు! లెక్కల వాళ్ల వీధిలో పొరపాటున దిగిన కళాకారుణ్ణి నేను! ఇంత తీపి మాట దొరికితే మీరైనా వదులుకుంటారా?

ఇక కొనుగోళ్లు మొదలయ్యాయి. మనం ఏ పనైనా చెయ్యడానికి ముందు ఆ పనికి కావలసిన సరంజామా కొని, సగం పని అయిపోయిందనుకుంటాం కదా. ఈజిల్ కొన్నాను. 2బి నుంచి 8బి దాకా పెన్సిళ్లు, బొగ్గు కడ్డీలు, పిండిలా నలిపే రబ్బరు కొన్నాను. ఖాదీ లాల్చీ ఒకటి కొన్నాను. ఒక ఆదివారం పాత పుస్తకాల బజారుకి వెళ్లాను. మునుపు దరియాగంజ్ పేవ్‌మెంట్ల మీద జరిగిన ఆ బజారు 2019 నుంచి మహిళా హాట్‌లో జరుగుతోంది. అక్కడ బెట్టీ ఎడ్వర్డ్స్ రాసిన 'డ్రాయింగ్ ఆన్ ద రైట్ సైడ్ ఆఫ్ ద బ్రెయిన్' దొరికింది. 1979లో మొదట అచ్చయిన పుస్తకం, బొమ్మలు నేర్చుకోవాలనుకునే వాళ్లలో దాని పేరు విననివాళ్లు తక్కువ. అట్ట మీద 'రైట్ సైడ్' అని చూడగానే నా పేరే చూసుకున్నట్టు అనిపించింది.

ఆ పుస్తకం మొదట్లోనే ఆవిడ ఒక పని చెప్తుంది. పాఠాలు మొదలెట్టక ముందే మీ మొహం అద్దంలో చూసి ఒకటి, తెలిసిన మనిషిని గుర్తు చేసుకుని ఒకటి, మీ చెయ్యి చూసి ఒకటి గీసి, తేదీ వేసి దాచుకోండి అని. నేను గియ్యలేదు. అవి కొత్తవాళ్లకి అనుకున్నాను. మెదడు గురించిన అధ్యాయం మాత్రం రెండుసార్లు చదివాను. రోజర్ స్పెర్రీ అనే శాస్త్రవేత్త, మూర్ఛ తగ్గడానికి మెదడు రెండు సగాలనీ కలిపే నరాల వంతెనను కోయించుకున్న రోగుల మీద పరిశోధన చేశాడు. మాటల పని ఎక్కువగా ఎడమ సగం చూస్తుందనీ, ఆకారాలనీ చోటునీ గుర్తుపట్టడంలో కుడి సగానిది పైచెయ్యి అనీ అందులో తేలింది. 1981లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. కుడి సగం ఎడమ చేతిని నడుపుతుంది, ఎడమ సగం కుడి చేతిని నడుపుతుంది. ఈ ఒక్క వాక్యం దగ్గర నా బుర్ర ఆగిపోయింది. అయితే నా కళంతా ఎడమ చేతిలో ఉందన్నమాట!

మర్నాటి నుంచి అన్నీ ఎడమ చేత్తోనే. పళ్లు ఎడమ చేత్తో తోముకున్నాను. టీ ఎడమ చేత్తో వడపోసి సగం గట్టు మీద పోశాను. కూరలబండి అతనికి ఎడమ చేత్తో డబ్బులిస్తే అతను అందుకోకుండా నా మొహం చూశాడు. సంక్రాంతికని తెనాలి నుంచి మా అమ్మ వచ్చి ఉంది అప్పుడు. పేలాల పళ్లెం ఎడమ చేత్తో అందించాను. "ఎడం చేత్తో ఇస్తావేంట్రా! లక్ష్మీదేవి నిలుస్తుందా ఇంట్లో?" అని చెడామడా తిట్టింది. మెదడు రెండు సగాల గురించి ఆవిడకి తెలుగులో వివరించబోయాను. "నీకు ఒక్కటీ సరిగ్గా లేదు, రెండో దాని సంగతి ఎందుకు" అంది. ఇంటి అద్దె చెక్కు మీద ఎడమ చేత్తో సంతకం పెట్టాను, సంతకం కలవలేదని తిరిగొచ్చింది. అంత పెద్ద పుస్తకంలో చెయ్యి మార్చమని ఎక్కడా లేదు. అది నా సొంత కవిత్వం.

చెక్కు తిరిగొచ్చింది కాబట్టి కింద ఇంట్లో ఉండే మా ఇంటి యజమానురాలు ఆంటీజీకి సంజాయిషీ చెప్పుకోవాలి. పంజాబీ ఆవిడ, డెబ్బై దాటి ఉంటాయి. కోప్పడలేదు. పైగా నేను చిత్రకారుణ్ణని అప్పటికే నా నోటితోనే విని ఉంది కాబట్టి, "అయితే నా బొమ్మ వెయ్యి బేటా" అంది. ఇప్పుడే నేర్చుకుంటున్నానండీ అనాలి కదా మనిషన్నవాడు? "లోహ్రీకి అందరి ముందూ ఇస్తాను ఆంటీజీ" అన్నాను.

లోహ్రీ అంటే వాళ్ల భోగిమంట. జనవరి 13 రాత్రి సందులో కట్టెలు పేర్చి మంట వేసి, వేరుశనగలు, రేవ్‌డీలు, పేలాలు అందులో వేస్తూ చుట్టూ తిరుగుతారు. ఆ రాత్రికి మూడు భవనాల వాళ్లు, పీజీల్లో ఉండే సీఏ పిల్లలు, ఇస్త్రీ బండి కుటుంబం, అందరూ వచ్చారు. నేను లాల్చీ వేసుకుని దిగాను. బొమ్మ మీద పాత చీర కప్పి ఉంది. తియ్యమన్నారు, తీశాను. చప్పట్లు రాలేదు. ఎవరో పెద్దాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. ఇస్త్రీ బండి అతని కొడుకు "యే కౌన్ హై?" అన్నాడు, వాళ్లమ్మ వాడి నోరు మూసింది, ఆ పక్కావిడ "ఇంకెవరు, అంకుల్‌జీ" అంది, ఆంటీజీ భర్త అంకుల్‌జీ పోయి ఏళ్లయింది, ముక్కు కింద నేను వేసిన నీడ మీసంలా ఉందని నాకప్పుడు కనిపించింది, కళ్లు నుదుటి పైకి వెళ్లిపోయాయని కనిపించింది, తలకి నడినెత్తి లేదని కనిపించింది, కనిపిస్తున్న కొద్దీ ఇంకా కనిపిస్తోంది, మా పాప మాత్రం "ఇది ఆంటీనే, మా నాన్న చెప్పాడు" అని గట్టిగా అరిచింది, ఆంటీజీ దగ్గరికొచ్చి నా తల మీద చెయ్యి వేసి "బహుత్ మెహనత్ కీ హై" అంది, చాలా కష్టపడ్డావు అని. బొమ్మ బాగుందని మాత్రం ఆవిడ అనలేదు. ఆ నిజాయితీకి ఆవిడంటే ఇవాళ్టికీ నాకు గౌరవం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన గొప్పతనం గురించి మనమే ముందుగా నలుగురికీ చెప్పేస్తే, ఆ తర్వాత నేర్చుకునే దారి మనకే మూసుకుపోతుంది. తెలియదు అని చెప్పుకోగలిగినవాడికి గురువు దొరుకుతాడు. తెలుసు అని ఊరేగినవాడికి ప్రేక్షకులు దొరుకుతారు. మీకూ ఏదో ఒక విషయంలో ఇది అనుభవమే అయి ఉంటుంది. పాటో, వంటో, ఇంగ్లీషో, క్రికెట్టో.

కొన్నాళ్లు ఈజిల్ వైపు చూడలేదు. దాని మీద బట్టలు ఆరేశాం. తర్వాత ఒక చలి ఆదివారం మేడ మీద ఎండలో కూర్చుని, ఆ పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి తెరిచాను. ఈసారి మెదడు అధ్యాయం దాటేసి, చెప్పిన అభ్యాసం చెప్పినట్టు చేశాను. ఇక్కడి నుంచి చెప్పేదంతా మీకు పనికొచ్చే మాట.

కాగితం ఎడమ వైపున మనిషి మొహం పక్క నుంచి గీయమంటుంది మొదట. గీశాక అదే గీత మీద మళ్లీ పెన్సిలు నడుపుతూ నుదురు, ముక్కు, పెదవి, గడ్డం అని పేర్లు చెప్పుకోవాలి. తర్వాత కుడి వైపున అదే మొహాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి గీయాలి. రెండూ పూర్తయితే మధ్యలో ఒక కలశం ఏర్పడుతుంది. డెన్మార్క్ మనస్తత్వవేత్త ఎడ్గర్ రూబిన్ 1915లో ప్రసిద్ధం చేసిన బొమ్మ అది. ఈ రెండో వైపు గీస్తున్నప్పుడు చెయ్యి టక్కున ఆగిపోతుంది. ముక్కు అనుకున్నంత సేపూ గీత తప్పుతుంది. ముక్కు మాట మర్చిపోయి, ఈ వంపు ఎంత లోపలికి వెళ్లింది, ఎదుటి గీతకి ఎంత దూరంలో ఉంది అని చూస్తే సాగుతుంది. చిన్న పని, కానీ తలలో ఏదో గేరు మారినట్టు స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాతది నన్ను మార్చిన అభ్యాసం. పికాసో 1920లో స్ట్రావిన్‌స్కీ అనే సంగీతకారుణ్ణి కుర్చీలో కూర్చున్నట్టు ఒట్టి గీతల్లో వేశాడు. ఆ బొమ్మని తలకిందులుగా పెట్టి, అలా తలకిందులుగానే చూసి గీయాలి. ఎడ్వర్డ్స్ లాస్ ఏంజెలెస్‌లో హైస్కూలు పిల్లలకి చెప్పేటప్పుడు, నిటారుగా పెడితే గియ్యలేనివాళ్లు తలకిందులు పెడితే గియ్యగలుగుతున్నారని గమనించింది. ఎందుకో నాకు చేస్తుంటే అర్థమైంది. తలకిందులుగా ఉన్నప్పుడు ఇది చెయ్యి, ఇది కోటు మడత అని పోల్చుకోవడం కష్టం. ఒక గీత ఇలా వంగింది, ఇక్కడ ఇంకో గీతని తాకింది, మధ్యలో ఈ ఆకారం ఖాళీగా మిగిలింది, అంతే. పూర్తయ్యాక తిప్పి చూసుకున్నాను. కుర్చీలో ఒక మనిషి కూర్చున్నాడు. వేళ్లు వేళ్లలాగే ఉన్నాయి. చెప్తే నమ్మరు, నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆంటీజీ బొమ్మ ఎందుకు అలా తయారైందో అప్పుడు తెలిసింది. నేను ఆవిడని చూసి గియ్యనేలేదు. చిన్నప్పుడు నేర్చుకున్న కన్ను గుర్తు, చేప ఆకారంలో, మధ్యలో చుక్క. ముక్కు గుర్తు, పెదవుల గుర్తు. వాటిని అతికించి నడిపించాను. తొమ్మిది పదేళ్ల వయసులో పిల్లలకి తమ బొమ్మలు నిజంలా లేవని తోచడం మొదలవుతుంది. నేర్పేవాళ్లు లేక చాలామంది అక్కడే మానేస్తారు. అందుకే నలభై ఏళ్లవాడి బొమ్మ కూడా పదేళ్లవాడి బొమ్మలాగే ఉంటుంది. ఇక కళ్లు పైకి పోవడం అందరూ చేసే పొరపాటే. అద్దం ముందు నిలబడి స్కేలు పెట్టి చూడండి. కంటి నుంచి గడ్డం దాకా ఎంత దూరమో, కంటి నుంచి నడినెత్తి దాకా ఇంచుమించు అంతే. కళ్లు తలకి దాదాపు మధ్యలో ఉంటాయి. నుదురూ జుట్టూ మనకి ముఖ్యంగా అనిపించవు కాబట్టి పుర్రె పైభాగం కోసేస్తాం.

అరచేతి ముడతల అభ్యాసం ఇంకొకటి. కాగితం బల్లకి అతికించి, మొహం అటు తిప్పుకుని, అరచేతిలో ఒక గీత వెంట కన్ను చీమలా పాకుతుంటే పెన్సిలు అదే వేగంతో కదలాలి. కాగితం వైపు చూడకూడదు. కిమన్ నికొలైడీస్ అనే అమెరికన్ గురువు ఇలాంటి అభ్యాసాలకి పేరు తెచ్చాడు. ఆయన పుస్తకం 1941లో వచ్చింది. కాగితం మీద మిగిలేది పిచ్చి గీతలే. కానీ ఆ కాసేపట్లో నా చేతిని నేను మొదటిసారి చూశాను.

ఖాళీలని గీయడం మాత్రం లక్ష్మీనగర్ నేర్పినట్టు ఏ ఊరూ నేర్పదు. కుర్చీని గీయాలంటే కుర్చీ కాళ్ల మధ్యలో ఉన్న ఖాళీల ఆకారాలు గియ్యమంటుంది ఎడ్వర్డ్స్, కుర్చీ దానంతటదే వస్తుంది. మా సందులో నిలబడి తలెత్తితే ఎదురెదురు బాల్కనీలు చేతికందేంత దగ్గర. వాటి మధ్య చిక్కులు పడిన కరెంటు తీగలు, కేబుల్ వైర్లు, ఆరేసిన బట్టలు, కూలర్ల అంచులు. మిగిలిన ఆకాశం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క త్రికోణంలా, ఒకటి కొడవలిలా. ఇన్నేళ్లూ ఆ తీగల్ని తిట్టుకుంటూ నడిచినవాణ్ణి, వాటి మధ్య ఆకాశం ముక్కల్ని ఒక్కొక్కటే గీశాను. అన్నీ అయ్యేసరికి తీగలు, బాల్కనీలు, మా ఇంటి మెట్లు అన్నీ వచ్చేశాయి. సీఏ పిల్లలు ఇద్దరు ఆగి చూశారు. "అంకుల్, యే తో హమారీ గలీ హై" అన్నారు, ఇది మన సందే కదా అని. వాళ్లకి గుర్తుపట్టడం ఎవరూ నేర్పలేదు.

మరి కుడి మెదడు మాటేమిటి? 2013లో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు వెయ్యి మందికి పైగా మెదడు స్కాన్లు పరిశీలించారు. కొన్ని పనులు ఒక సగంలో ఎక్కువగా జరగడం నిజమేగానీ, కొందరు మనుషులు మొత్తంగా కుడి మెదడువాళ్లు, కొందరు ఎడమ మెదడువాళ్లు అన్నదానికి ఆధారం దొరకలేదు. ఎడ్వర్డ్స్ పుస్తకం మీద శాస్త్రవేత్తలకి ఉన్న అభ్యంతరం కూడా ఆ విభజన మీదే. అభ్యాసాలు మాత్రం పనిచేస్తాయి. ఏ సగం చేయిస్తుందో నాకు ఇప్పుడు పట్టింపు లేదు. లెక్కలు తప్పినవాణ్ణి కాబట్టి నాకు బొమ్మలు రావాలనే రూలేమీ లేదు. లెక్కల్లోనో ఇంకో చదువులోనో ఉన్నంత మాత్రాన బొమ్మలు రాకూడదనీ లేదు. మన బాపుగారు లా చదివిన మనిషి.

ఇంకో సంగతి చెప్తే నా మీద మీకు కోపం వస్తుంది. ఇదే వికాస్ మార్గ్ మీద, మా ఇంటికి మెట్రోలో కొద్ది నిమిషాల దూరంలో భారతి ఆర్టిస్ట్స్ కాలనీ ఉంది. అక్కడ చిత్రకారుడు ఎ. రామచంద్రన్ ఉండేవారు. కేరళలో అట్టింగల్‌లో 1935లో పుట్టారు. మలయాళ సాహిత్యంలో ఎమ్మే చేసి ఆ తర్వాత శాంతినికేతన్‌లో చిత్రకళ నేర్చుకున్నారు, ఢిల్లీ జామియా మిలియా విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు, 2005లో పద్మభూషణ్ అందుకున్నారు. అంత పేరొచ్చాక కూడా ఉదయపూర్ చుట్టుపక్కల పల్లెలకీ తామర కొలనులకీ మళ్లీ మళ్లీ వెళ్లి, స్కెచ్ పుస్తకంలో ఆకులూ కాడలూ చూసి గీసుకునేవారు. తామరాకు ఎలా ఉంటుందో ఆయనకి తెలియదా? తెలిసినా వెళ్లి చూసేవారు. నేను లాల్చీ వేసుకుని సందులో తిరుగుతున్నప్పుడు ఆ మనిషి పక్కనే ఉన్నారు. ఆయన 2024 ఫిబ్రవరిలో పోయారని పేపర్లో చదివాకే నాకు ఈ కాలనీ సంగతి తెలిసింది.

మొన్న చలికాలం ఆంటీజీ మేడ మీద బఠానీలు ఒలుస్తుంటే ఆవిడ చేతులు గీశాను, చేతులే. కాగితం అందుకుని, "ఈ వేలి కణుపు వాపు కూడా ఎందుకు వేశావు?" అని విసుక్కుంది. మంటలో వెయ్యకుండా దాచి ఉంచిన లోహ్రీ నాటి బొమ్మ పక్కనే దాన్నీ పెట్టుకుంది.

ఇంతసేపు నా కథ ఓపిగ్గా విన్నారు కాబట్టి ఒక్క పని చెయ్యండి. ఏదైనా రేఖాచిత్రం తీసుకోండి. ఇంట్లో పాత వారపత్రికలుంటే బాపు బొమ్మ అయితే మరీ మంచిది. తలకిందులుగా పెట్టండి. పిల్లల నోటుబుక్కు, మామూలు పెన్సిలు చాలు. మీరు రోజూ రాసే చేత్తోనే, పైనుంచి కిందికి, ఒక గీత పక్కన ఇంకో గీత. ఎవరికీ ముందుగా చెప్పొద్దు. పూర్తయ్యేదాకా తిప్పి చూడొద్దు.